పెట్రోలు, డీజిలు ధరలు ఎందుకు పెరుగుతాయి, బంకులో స్టాకు లేనప్పుడు ఏం చేయాలి: పాలమూరు, నల్లగొండ వాహనదారుల ప్రశ్నలకు జవాబులు

ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో ఆటోలు నడిపేవారు, ట్రాక్టర్ యజమానులు, వరికోత మిషన్లు తిప్పేవారు, రోజూ బైకు మీద డ్యూటీకి పోయివచ్చేవారు తరచుగా అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాం. ధర పెరగడమూ, బంకులో స్టాకు దొరక్కపోవడమూ ఒకటేనని చాలామంది అనుకుంటారు. నిజానికి వాటి కారణాలు వేరు, అప్పుడు మనం చేయవలసిన పనులు కూడా వేరు. ఆ తేడా తెలియక, ఎవరో పంపిన మెసేజీ చూసి పని వదులుకుని క్యూలో నిలబడేవారే ఎక్కువగా నష్టపోతున్నారు.

ఎక్కడో యుద్ధం జరిగితే మహబూబ్‌నగర్‌లో పెట్రోలు ధర ఎందుకు పెరగాలి?

మన దేశం వాడే ముడి చమురులో 85 శాతానికి పైగా బయటి దేశాల నుంచే వస్తుంది. దాన్ని పీపాల లెక్కన, డాలర్లలో కొంటారు. ఒక పీపా అంటే దాదాపు 159 లీటర్లు. కాబట్టి అంతర్జాతీయ మార్కెట్లో చమురు ధర పెరిగినా, డాలరుతో రూపాయి విలువ పడిపోయినా ఆ భారం మన లీటరు మీదికే వస్తుంది. డాలరు 85 రూపాయలు ఉన్నప్పుడు పీపా ధర ఒక్క డాలరు పెరిగితే, పన్నుల సంగతి పక్కన పెట్టినా, లీటరుకు 50 పైసలకు కాస్త ఎక్కువే పెరిగినట్టు.

ధర పెరగడానికి సరఫరా నిజంగా ఆగిపోనక్కర లేదు, ఆగిపోతుందేమోనన్న భయం చాలు. 2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీద దాడి మొదలుపెట్టిన తర్వాత రెండు వారాలు తిరగకముందే, మార్చి 7న, అంతర్జాతీయ ధరకు కొలమానంగా చూసే బ్రెంట్ రకం చమురు పీపా 139 డాలర్ల దాకా వెళ్లింది. అప్పటికి రష్యా చమురు మార్కెట్‌కు రావడం ఆగిపోలేదు. అయినా రేపు దొరకదేమోనన్న అనుమానంతో కొనేవారు ఎగబడ్డారు, ఓడల అద్దెలు, బీమా ఖర్చులు పెరిగాయి. ఇరాన్, ఒమన్ మధ్య ఉన్న హోర్ముజ్ జలసంధి గురించి వార్తల్లో వినే ఉంటారు. ప్రపంచం మొత్తం వాడే చమురులో సుమారు ఐదో వంతు ఆ సన్నని సముద్రమార్గం గుండానే పోతుంది. అందుకే అక్కడ ఉద్రిక్తత అనే మాట వినిపించగానే ధర కదులుతుంది. 2025 జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్ ఘర్షణ సమయంలోనూ అదే జరిగింది, కాల్పుల విరమణ ప్రకటించగానే ధర దిగివచ్చింది.

మరి ముడి చమురు చవకైనప్పుడు బంకులో ధర ఎందుకు తగ్గదు?

ఈ ప్రశ్నలో న్యాయమైన కోపం ఉంది. 2020లో కరోనా లాక్‌డౌన్ వల్ల ప్రపంచమంతా వాహనాలు ఆగిపోయి చమురు ధర కుప్పకూలింది. ఏప్రిల్ 20న అమెరికా మార్కెట్లో ధర సున్నా కంటే కిందికి కూడా పోయింది. ఆ తగ్గుదల వాహనదారుడి జేబు దాకా రాలేదు. మే నెల మొదటి వారంలో కేంద్ర ప్రభుత్వం ఎక్సైజు సుంకాన్ని పెట్రోలు మీద లీటరుకు 10 రూపాయలు, డీజిలు మీద 13 రూపాయలు పెంచింది. చమురు చవకైనందువల్ల మిగిలిన సొమ్ము ఆ విధంగా ఖజానాకు చేరింది. చమురు మళ్లీ పెరగడం మొదలయ్యాక మాత్రం జూన్ నుంచి బంకు ధర రోజురోజుకూ ఎక్కింది.

కంపెనీల వైపు నుంచి మరో కారణం ఉంది. ధర పెంచకుండా ఆపి ఉంచిన రోజుల్లో వచ్చిన నష్టాన్ని, చమురు తగ్గిన తర్వాత అదే ధర కొనసాగించి అవి పూడ్చుకుంటాయి. లెక్క ప్రకారం అది సబబే కావచ్చు. అయితే ఎంత నష్టం వచ్చింది, ఎంత పూడింది, ఇంక ఎన్నాళ్లు అన్న వివరం లీటరు పోయించుకునే మనిషికి తేలికగా అర్థమయ్యేలా చెప్పే ఏర్పాటు ఉండి తీరాలి.

లీటరు ధరలో పన్ను వాటా ఎలా ఉంటుంది?

మొదట శుద్ధి చేసిన పెట్రోలు లేదా డీజిలు ధర, దానికి రవాణా ఖర్చు. ఆపైన కేంద్రం విధించే ఎక్సైజు సుంకం, డీలరు కమిషన్, చివర రాష్ట్రం వేసే వ్యాట్ అనే అమ్మకపు పన్ను. పెట్రోలు, డీజిలు ఇప్పటికీ జీఎస్టీ పరిధిలో లేవు కాబట్టి ఏ రాష్ట్రం పన్ను ఆ రాష్ట్రానిదే. తెలంగాణలో వ్యాట్ 2015 నుంచి పెట్రోలు మీద 35.2 శాతం, డీజిలు మీద 27 శాతం.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ఎక్సైజు లీటరుకు ఇన్ని రూపాయలని ఉంటుంది, వ్యాట్ మాత్రం శాతంలో ఉంటుంది. అందువల్ల వ్యాట్‌కు ముందున్న ధర పెరిగితే, రాష్ట్రం ఏ ఉత్తర్వూ ఇవ్వకుండానే దాని పన్ను కూడా పెరుగుతుంది. తగ్గేటప్పుడూ అంతే. 2022 మే 22న కేంద్రం డీజిలు మీద ఎక్సైజు 6 రూపాయలు తగ్గిస్తే, హైదరాబాదులో లీటరు ధర 105.49 నుంచి 97.82కు, అంటే 7 రూపాయల 67 పైసలు తగ్గింది. ఆ అదనపు తగ్గుదలకు ముఖ్యకారణం వ్యాట్ దానంతటదే తగ్గడం. 2021 నవంబరులో కేంద్రం సుంకం తగ్గించినప్పుడు చాలా రాష్ట్రాలు తమ వ్యాట్ శాతాన్ని కూడా తగ్గించాయి, తెలంగాణ తగ్గించలేదు. కేంద్రమే పెంచింది కాబట్టి కేంద్రమే తగ్గించాలన్నది అప్పటి రాష్ట్ర ప్రభుత్వ వాదన. ఆ వాదనలో ఎవరిది పైచేయి అన్నది అటుంచితే, మధ్యలో నలిగింది ఆటోవాలా, కౌలు రైతు.

ధరను ఎవరు నిర్ణయిస్తారు? రోజూ మారుతుందని చెప్పి నెలల తరబడి మారదేమిటి?

పెట్రోలు ధరను 2010 జూన్‌లో, డీజిలు ధరను 2014 అక్టోబరులో ప్రభుత్వ నియంత్రణ నుంచి తప్పించారు. విశాఖపట్నంతో సహా 5 పట్టణాల్లో ముందుగా పరీక్షించి, 2017 జూన్ 16 నుంచి దేశమంతటా రోజూ ఉదయం 6 గంటలకు ధర సవరించే పద్ధతి తెచ్చారు. కాగితం మీద ఆ అధికారం చమురు కంపెనీలది.

ఆచరణలో మాత్రం ధర చాలాకాలం కదలకుండా ఉండి, ఆ తర్వాత ఒక్కసారిగా ఎగబాకడం మనం చూశాం. 2021 నవంబరు నుంచి 2022 మార్చి 21 వరకు, ఉత్తరప్రదేశ్ తదితర రాష్ట్రాల ఎన్నికలు జరిగిన కాలమంతా, ధర మారలేదు. ఆ తర్వాత 16 రోజుల్లో 14 సార్లు పెంచారు. ఢిల్లీ లెక్కన చాలా రోజులు 80 పైసల చొప్పున, మొత్తం లీటరుకు సుమారు 10 రూపాయలు పెరిగింది. హైదరాబాదులో పెట్రోలు 119.49కి చేరింది. వాహనదారుడికి ఇది ఉన్నట్టుండి వచ్చిన పెరుగుదలలా కనిపిస్తుంది గాని, అది నెలల తరబడి ఆపి పెట్టిన పెరుగుదల. రోజూ పది పైసలో ఇరవై పైసలో మారితే ఆటో యూనియన్లు, ట్రాక్టర్ యజమానులు తమ రేట్లను మెల్లగా సర్దుకోగలుగుతారు. పదిహేను రోజుల్లో పది రూపాయలు పెరిగితే ముందే రేటు ఒప్పుకున్నవాడు నిండా మునుగుతాడు.

మా బంకు యజమాని తనంతట తాను ధర పెంచవచ్చా?

పెంచలేడు. ప్రభుత్వ రంగ కంపెనీల బంకుల్లో ధరను కంపెనీయే నిర్ణయిస్తుంది. డీలరుకు వచ్చేది లీటరుకు ఇంత అన్న కమిషన్ మాత్రమే. బంకులో బోర్డు మీద ఉన్న ధరకు, మిషన్ మీద కనిపించే ధరకు తేడా ఉంటే అక్కడికక్కడే అడగండి.

మక్తల్ వాళ్లు రాయచూరులో పోయించుకుంటారు, కోదాడ బంకులకు ఆంధ్ర బండ్లు వస్తాయి. ఎందుకు?

పన్నుల తేడా వల్ల. కర్ణాటకలో అమ్మకపు పన్ను మనకంటే తక్కువ కాబట్టి నారాయణపేట, మక్తల్, గద్వాల వైపు లారీలు, ట్రాక్టర్ల వాళ్లు అటు పనిపడినప్పుడు డీజిలు పోయించుకుని వస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోలు మీద 31 శాతం వ్యాట్‌తో పాటు లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, ఒక రూపాయి రోడ్డు సెస్సు ఉన్నందువల్ల అక్కడ ధర మనకంటే ఎక్కువ. అందుకే 65వ నంబరు జాతీయ రహదారి మీద విజయవాడ వైపు పోయేవారు కోదాడలోనే ట్యాంకు నింపుకుంటారు. కొరత వచ్చిన రోజుల్లో ఇలాంటి సరిహద్దు బంకుల్లో స్టాకు మిగతా చోట్ల కంటే ముందే అయిపోతుంది. ఆ సంగతి లెక్కలో పెట్టుకోండి.

ఒకే రాష్ట్రంలో హైదరాబాదుకు, నల్లగొండకు, వనపర్తికి కనిపించే చిన్న తేడా డిపో నుంచి బంకు దాకా అయ్యే రవాణా ఖర్చుది.

ధర పెరగకపోయినా బంకుల్లో స్టాకు ఎందుకు అయిపోతుంది?

విశాఖ శుద్ధి కర్మాగారం నుంచి విజయవాడ మీదుగా సికింద్రాబాద్ దాకా పైపులైను ఉంది. చర్లపల్లిలో పెద్ద డిపోలున్నాయి. ఇంత ఏర్పాటు ఉన్నా డిపో నుంచి మన ఊరి బంకు దాకా సరుకు రావలసింది రోడ్డు మీద, ట్యాంకరు లారీలోనే. ఆ ఒక్క లంకె తెగితే చాలు. 2024 జనవరి 1, 2 తేదీల్లో జరిగింది ఇదే. భారతీయ న్యాయ సంహితలో ప్రమాదం చేసి పారిపోయే డ్రైవర్లకు 10 ఏళ్ల దాకా జైలు విధించే నిబంధనను వ్యతిరేకిస్తూ లారీ డ్రైవర్లు బండ్లు ఆపేశారు. దేశంలో చమురుకు కొదవ లేదు, డిపోల్లో నిల్వ ఉంది. అయినా రెండో తేదీన హైదరాబాదు బంకుల ముందు కిలోమీటర్ల కొద్దీ బండ్లు నిలిచాయి. ఆ రాత్రి కేంద్ర హోంశాఖతో చర్చల తర్వాత సమ్మె విరమించారు.

2022లో వచ్చిన ఇబ్బంది మరో రకానిది. ఆ మార్చిలో పెద్దమొత్తంలో కొనే సంస్థలకు ఇచ్చే డీజిలు ధర బంకు ధర కంటే లీటరుకు సుమారు 25 రూపాయలు ఎక్కువైంది. దాంతో అంతవరకు నేరుగా కంపెనీ నుంచి తెప్పించుకునే ఆర్టీసీ డిపోలు, ఫ్యాక్టరీలు మామూలు బంకుల దారి పట్టాయి. నష్టానికి అమ్మలేక కొన్ని ప్రైవేటు బంకులు అమ్మకం తగ్గించుకున్నాయి. ఆ రద్దీ అంతా ప్రభుత్వ రంగ బంకుల మీద పడింది. జూన్ నాటికి అనేక రాష్ట్రాల్లో స్టాకు లేదన్న బోర్డులు కనిపించడంతో, అనుమతి పొందిన ప్రతి బంకూ నిర్ణీత వేళల్లో తప్పనిసరిగా అమ్మకం జరపాలని కేంద్రం ఆదేశించవలసి వచ్చింది.

డీలరు వైపు నుంచి కూడా ఒక కారణం ఉంటుంది. చాలా చోట్ల అతను ముందుగా డబ్బు కట్టి సరుకు తెచ్చుకోవాలి. ధర తగ్గబోతోందన్న మాట వినిపిస్తే ట్యాంకు నిండా తెచ్చుకోవడానికి వెనకాడతాడు, ఎందుకంటే ఎక్కువ ధరకు కొన్నది తెల్లారేసరికి తక్కువ ధరకు అమ్మాలి. 2022 మే 21 శనివారం సాయంత్రం సుంకం తగ్గింపు ప్రకటించినప్పుడు నిండా స్టాకు పెట్టుకున్న డీలర్లు అలాగే దెబ్బతిన్నారు.

అందరూ ఒక్కరోజే ట్యాంకు ఫుల్ చేయించుకుంటే నిజంగా అంత తేడా వస్తుందా?

ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక పట్టణంలో 20,000 బైకులు ఉన్నాయనుకోండి. మామూలు రోజుల్లో ఒక్కో ట్యాంకులో సగటున రెండు మూడు లీటర్లే ఉంటాయి, ఎందుకంటే చాలామంది వంద, రెండు వందల రూపాయలకే పోయించుకుంటారు. రేపటి నుంచి దొరకదన్న మాట పాకి అందరూ తలా 6 లీటర్లు అదనంగా పోయించుకుంటే 1,20,000 లీటర్లు అవుతుంది. 12,000 లీటర్ల ట్యాంకర్లు పది కావాలి. ఎవరూ ఒక్క కిలోమీటరు కూడా అదనంగా తిరగలేదు. పెట్రోలు బంకు కింది ట్యాంకులోంచి బండ్ల ట్యాంకుల్లోకి మారింది, అంతే. అయినా బంకులన్నీ ఖాళీ అవుతాయి.

ఆ ఖాళీ మళ్లీ నిండడం దూరాన్ని బట్టి ఉంటుంది. చర్లపల్లి నుంచి హైదరాబాదు బంకుకు ట్యాంకరు ఒకేరోజు పలుమార్లు తిరగగలదు. గద్వాల, అచ్చంపేట, దేవరకొండ బంకులకు అలా కుదరదు. అందుకే సమ్మె విరమించారని టీవీలో చెప్పిన తర్వాత కూడా మన దగ్గర ఒకటి రెండు రోజులు ఆలస్యం కావచ్చు. అది కృత్రిమ కొరత అనుకుని బంకు సిబ్బందితో గొడవ పడటం వల్ల ఉపయోగం లేదు.

రేపటి నుంచి లీటరు పెరుగుతుందని వాట్సాప్‌లో వచ్చింది. ఈ రాత్రే పోయించుకోవాలా?

2022లో అంత వేగంగా పెరిగిన రోజుల్లో కూడా ఒక్కరోజు పెంపు రూపాయి లోపే. ముందురోజు రాత్రి బైకులో 6 లీటర్లు పోయించుకున్నవారికి మిగిలేది 6 రూపాయల లోపే. దానికోసం గంటసేపు క్యూలో నిలబడటం, ఇంజను ఆపకుండా మెల్లమెల్లగా ముందుకు జరగడం లాభం కాదు. లారీ, హార్వెస్టర్ యజమానుల లెక్క వేరు, వందల లీటర్ల మీద ఆ తేడా లెక్కలోకి వస్తుంది.

ఇంట్లో డ్రమ్ములోనో బాటిల్లోనో నిల్వ పెట్టుకోవచ్చా?

పెట్రోలు అస్సలు పెట్టుకోవద్దు. పెట్రోలియం చట్టం ప్రకారం అమ్మకానికి కాకుండా 30 లీటర్ల లోపు ఉంచుకోవడానికి లైసెన్సు అక్కర లేదు గాని, చట్టం ఒప్పుకున్నంత మాత్రాన అది ఇంట్లో ఉంచదగ్గ వస్తువు కాదు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువైనది. మూత సరిగా లేని క్యాను నుంచి అది నేలబారుగా పాకి పక్కగదిలోని పొయ్యి దాకా పోతుంది. మన ఇళ్లలో వంటగది, సామాను గది పక్కపక్కనే ఉంటాయి. ఎండాకాలం నలభై నాలుగు డిగ్రీల వేడిలో ప్లాస్టిక్ బాటిల్ ఉబ్బి కారుతుంది. పైగా ఇప్పుడు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి ఎక్కువ రోజులు నిల్వ చేసిన పెట్రోలు బండికి కూడా మంచిది కాదు. 2019 నవంబరులో అబ్దుల్లాపూర్‌మెట్‌లో తహసీల్దారును పెట్రోలు పోసి తగలబెట్టిన ఘోరం తర్వాత బాటిళ్లలో పోయడానికి బంకులు నిరాకరిస్తున్నాయి. సిబ్బందిని బతిమాలి ఇబ్బంది పెట్టకండి.

డీజిలు అంత త్వరగా అంటుకోదు, ట్రాక్టరున్న రైతులకు కొంత నిల్వ అవసరం కూడా. ఇనుప డ్రమ్మును ఇంటికి దూరంగా, నీడలో, గడ్డివాముకు ఎడంగా ఉంచండి. డ్రమ్ము అడుగున నీరు, మడ్డి చేరతాయి కాబట్టి చివరి రెండు మూడు లీటర్లు ఇంజనులో పోయకండి.

యాసంగి కోతల సమయంలో డీజిలు దొరకకపోతే రైతు ఏం చేయాలి?

ఏప్రిల్, మే నెలల్లో మిర్యాలగూడ, సూర్యాపేట వైపు కోత మిషన్లు, ధాన్యం ట్రాక్టర్లు, రైసుమిల్లులకు పోయే లారీలు అన్నీ ఒకేసారి డీజిలు అడుగుతాయి. అదే సమయంలో సరఫరా తగ్గితే వరి చేనులో రాలిపోతుంది, అకాల వర్షం పడితే కల్లంలో తడుస్తుంది. కాబట్టి కోతకు వారం ముందే మీ బంకువారితో మాట్లాడి ఎన్ని లీటర్లు కావాలో చెప్పి ఉంచండి. ఊళ్లో నలుగురు రైతులు కలిసి పక్కపక్క మడులను ఒకే మిషన్‌తో వరసగా కోయించుకుంటే, మిషన్ ఈ చివరి నుంచి ఆ చివరికి తిరగడానికి తగలబడే డీజిలు మిగులుతుంది.

మిషన్ యజమానితో గంట రేటు మాట్లాడుకునేటప్పుడు డీజిలు ఎవరిదో ముందే తేల్చుకోండి. డీజిలుతో కలిపి రేటు అయితే ధర పెరిగిన భారం యజమానిది, డీజిలు రైతుదైతే భారం రైతుది. ఈ మాట ముందు అనుకోకపోవడం వల్లే చేను గట్టు మీద తగాదాలు వస్తున్నాయి.

ట్యాంకు పూర్తిగా అడుగంటే దాకా నడిపితే ఏమవుతుంది?

డీజిలు బండి అయితే పైపుల్లోకి గాలి జొరబడుతుంది. తర్వాత డీజిలు పోసినా స్టార్టు కాదు. పాత ట్రాక్టర్లలో ఫిల్టరు దగ్గరి బ్లీడ్ స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొడుతూ, బుడగలు ఆగిపోయి డీజిలు సన్నని ధారగా వచ్చేదాకా గాలి తీయాలి. కొత్త కామన్ రైలు ఇంజన్లలో ఈ పని మెకానిక్‌కే వదిలేయండి. ఊరికే సెల్ఫు కొడితే బ్యాటరీ దిగడమే కాదు, ఖరీదైన పంపు కూడా పాడవుతుంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బైకుల్లో పెట్రోలు పంపు చాలావరకు ట్యాంకు లోపలే ఉంటుంది, దాన్ని చల్లబరిచేది కూడా పెట్రోలే. పాత బండ్లలా రిజర్వుకు తిప్పుకునే నాబ్ వాటికి ఉండదు. అందువల్ల సగానికి వచ్చినప్పుడే పోయించుకోవడం అలవాటు చేసుకోండి. ఈ అలవాటున్నవారికి రెండు రోజుల సమ్మె ఒక లెక్క కాదు. మన్ననూరు దాటి శ్రీశైలం అడవి దారి పట్టేవారు మాత్రం ఎప్పుడైనా ముందే నింపుకోవాలి. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా ఆ దారిలోని అటవీశాఖ చెక్‌పోస్టు గేట్లు మూసి ఉంటాయి.

ధర పెరిగినప్పుడు ఆటో డ్రైవరు చార్జీ ఎంత పెంచాలి?

రోజుకు 5 లీటర్లు తాగే ఆటోకు లీటరు మీద 10 రూపాయలు పెరిగితే రోజుకు 50 రూపాయల భారం, నెలకు 25 రోజులు నడిపితే 1,250 రూపాయలు. రోజుకు 50 మంది ఎక్కే షేర్ ఆటో అయితే తలా ఒక రూపాయితో ఆ భారం తీరుతుంది. చిల్లర ఇబ్బందుల వల్ల ఒక్కసారిగా 5 రూపాయలు పెంచుతారు, కూలీ పనికి రోజూ పోయివచ్చే మనిషికి అది పది రూపాయలు. స్టాండులోని డ్రైవర్లు కలిసి దూరపు స్టేజీలకు మాత్రమే 5 పెంచి, దగ్గరివాటిని పాత రేటుకే ఉంచడం మేలైన పద్ధతి. దీనివల్ల ప్రయాణికులు కూడా చేజారిపోరు.

మైలేజీ పెంచుకోవడానికి నిజంగా పనికొచ్చేవి ఏవి?

టైర్లలో సరిపడా గాలి, శుభ్రమైన ఎయిర్ ఫిల్టరు, స్థిరమైన వేగం. పెట్రోలియం పొదుపు పరిశోధన సంస్థ గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల వేగాన్ని సిఫారసు చేస్తుంది. టైర్లకు గాలి బంకుల్లో ఉచితంగా కొట్టాలి. ట్యాంకులో వేసే మందు బిళ్లలు, పైపుకు తగిలించే అయస్కాంతాల మీద డబ్బు పెట్టకండి.

స్టాకు ఉండి కూడా లేదని బోర్డు పెట్టినా, కొలత తక్కువ వచ్చినట్టు అనిపించినా ఎవరికి చెప్పాలి?

స్టాకు ఉన్నప్పుడు అమ్మకం నిరాకరించకూడదు. నిత్యావసర వస్తువుల చట్టం కింద 2005లో వచ్చిన ఉత్తర్వు పెట్రోలు, డీజిలు సరఫరాలో అక్రమాలను నివారించడానికే ఉంది. కలెక్టరేట్‌లోని పౌర సరఫరాల అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, బంకు పేరు, తేదీ, సమయం, బోర్డు ఫొటో జతచేయండి. కంపెనీ అధికారి నంబరు బంకులోనే గోడ మీద రాసి ఉండాలి.

కొలత మీద అనుమానం వస్తే, తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న 5 లీటర్ల పాత్రతో కొలిచి చూపించమని అడిగే హక్కు మీకుంది. నాణ్యత మీద అనుమానమైతే ఫిల్టరు పేపరు అడగండి. నాజిల్ మొనను తుడిచి కాగితం మీద ఒక చుక్క వేస్తే, స్వచ్ఛమైన పెట్రోలు రెండు మూడు నిమిషాల్లో మరక లేకుండా ఆరిపోతుంది. కొరత తర్వాత మొదటి ట్యాంకరు వచ్చినప్పుడు, సరుకు దించుతుండగానే అదే ట్యాంకు నుంచి పోయించుకోవద్దు. అడుగున ఉన్న మడ్డి, నీరు పైకి లేస్తాయి కాబట్టి అది తేరుకునేదాకా ఆగండి.